ఉక్కుతూనీగ సస్పెన్షన్

తణుకు బస్టాండుకి ఎదురు సందులో గంధం సత్యవేణికి లేడీస్ టైలరింగ్ షాపు ఉంది. జాకెట్టు కుట్టడంలో ఆవిడకి ఎంత పేరుందో, చెప్పిన రోజుకి ఇవ్వకపోవడంలో అంతకంటే కొంచెం ఎక్కువ పేరుంది. నెలలో మొదటి శుక్రవారం నాడయితే పెళ్ళికూతురి జాకెట్టయినా సరే, మిషను మీద సగంలో ఆగిపోవలసిందే. ఆ రోజు బస్టాండులోని షరీఫ్‌గారి పుస్తకాల కొట్టుకి కొత్త సూపర్ హీరో కామిక్స్ వస్తాయి.

"నలభై ఆరేళ్ళ మనిషివి, నీకా బొమ్మల పుస్తకాలేంటమ్మా?" అని ఎవరైనా అడిగితే, "మీరు సీరియళ్ళు చూట్టంలేదా అండి? అందులో వాళ్ళు ఎగరను కూడా ఎగరరు" అనేది సత్యవేణి.

ఈ కామిక్స్ వేసేది ప్రభుత్వమే. మన యువతకి సొంత వీరులు లేరని ఎవరో ఒక సమావేశంలో బాధపడ్డారు. ఆ బాధ మీద ఒక కమిటీ వేశారు. కమిటీ చెప్పింది విని రాష్ట్ర వీరచిత్రకథా సంస్థ అని ఒకటి పెట్టారు. ఆ సంస్థకి బెజవాడలో మూడంతస్తుల భవనం, నూట పద్దెనిమిది మంది ఉద్యోగులు, నలుగురు సూపర్ హీరోలు ఉన్నారు. ఆ నలుగురికీ బొమ్మలు గీసేదీ, కథలు రాసేదీ మాత్రం ఒక్కడే మనిషి. ఆయన పేరు పేరిచర్ల దాసు. నూట పద్దెనిమిదిలో ఆయన లేడు, కాంట్రాక్టు మీద ఉన్నాడు.

నలుగురిలోనూ సత్యవేణి ప్రాణం పెట్టుకున్నది ఉక్కుతూనీగ మీద. పగలంతా గొడుగులు బాగుచేసుకుని బతికే మనిషి. ఎక్కడైనా ఆపద వచ్చిందని తెలిస్తే చేతిలో గొడుగు పక్కన పెట్టి, వీపు మీంచి ఉక్కు రెక్కలు విప్పుకుని ఎగిరిపోతాడు. పని అయ్యాక మళ్ళీ వచ్చి ఆ గొడుగు పూర్తి చేస్తాడు. సత్యవేణి భర్త ఆసుపత్రిలో ఉన్న రోజుల్లో, వరండాలో కూర్చుని ఆవిడ మొదటిసారి చదివింది ఈ పుస్తకమే. ఆయన పోయాక షాపు తెరిచి మళ్ళీ కత్తెర పట్టుకున్న రోజున రెండో పుస్తకం వచ్చింది. అప్పట్నుంచి పదకొండేళ్ళలో ఒక్కటి కూడా వదల్లేదు.

చదివాక అభిప్రాయం రాయకుండానూ ఉండలేదు. ప్రతి పుస్తకానికీ ఒక కార్డు. ఈ కథ మొదలైన నెలలో మూడు కొత్త పుస్తకాలు వచ్చాయి. నీటిగుర్రం పన్నెండో పుస్తకం గురించి ఆవిడ ఇలా రాసింది: "నీటిగుర్రం సముద్రం అడుగున నలభై నిమిషాలు ఉన్నాడు. బయటికి రాగానే జేబులోంచి ఉత్తరం తీసి చదివాడు. అదేం కాగితమో చెప్తే మా కొలతల చీటీలకి తెప్పించుకుంటాను." మహాబల కవలల మొదటి పుస్తకం గురించి: "పిల్లలు ముద్దొస్తున్నారు. కానీ పెద్దవాడు కొండ ఎత్తుతుంటే చిన్నవాడు చేతులు కట్టుకుని చూస్తున్నాడు. వాడికీ ఏదో ఒక పని చెప్పండి, లేకపోతే చెడిపోతాడు."

ఉక్కుతూనీగ నలభై ఒకటో పుస్తకానికి రెండు కార్డులు పట్టాయి. "ప్రాణం లేచొచ్చింది. డాక్టర్ బూడిద చేతిలోంచి వంతెనని లాక్కున్న బొమ్మ మూడుసార్లు చూశాను. ఒక్కటే మాట. తొమ్మిదో పేజీలో రెక్కలు విప్పాడు. పదో పేజీలో వీపు చూపించారు. చొక్కాకి వీపు మీద చీలిక లేదు, చిరుగు లేదు, హుక్కులూ లేవు. మరి రెక్కలు ఎక్కణ్ణుంచి వచ్చాయి? పదకొండేళ్ళుగా అడుగుతున్నాను."

పదకొండేళ్ళుగా జవాబు రాలేదు. ఈసారి వచ్చింది.

ఎందుకు వచ్చిందంటే, ఆ నెలలోనే సంస్థకి కొత్త మేనేజింగ్ డైరెక్టరు వచ్చాడు. ఆయన అంతకుముందు ఒక ఊళ్ళో మంచినీళ్ళ విభాగంలో పనిచేసి, తొంభై రోజుల్లో నలభైవేల ఫిర్యాదులు పరిష్కరించాడు. కుళాయిల్లో నీళ్ళు రాలేదు గానీ, రాలేదని చెప్పే కాగితం ఒక్కటి కూడా మిగల్లేదు. అలాంటి మనిషి ఇక్కడికొచ్చి చూస్తే, పాఠకుల ఉత్తరాలు పదిహేడు గోనెసంచుల్లో పరిష్కారం లేకుండా పడున్నాయి. ఆయన మనసు కలత చెందింది. మర్నాడే ఉత్తర్వు ఇచ్చాడు. ఇకనుంచి ప్రతి అభిప్రాయమూ అర్జీయే. ప్రతి అర్జీనీ పదిహేను రోజుల్లో పరిష్కరించాలి. పరిష్కారమంటే, అర్జీ ఎవరి గురించి వచ్చిందో వారిపై చర్య తీసుకోవడం.

సత్యవేణికి వచ్చిన రిజిస్టరు ఉత్తరంలో ఇలా ఉంది: "విషయం: ఉక్కుతూనీగ అను వ్యక్తిపై తమరు చేసిన ఆరోపణ. పూర్తి పేరు: తెలియదు. వృత్తి: గొడుగుల మరమ్మతు మరియు లోకరక్షణ. ప్రాథమిక విచారణ నిమిత్తం తమరు స్వయంగా హాజరు కావలసినదిగా కోరడమైనది."

ఆ ఉత్తరాన్ని షరీఫ్‌గారికి చూపించింది. ఆయన రెండుసార్లు చదివి, "సత్యవేణమ్మా, వీళ్ళు నిన్ను మెచ్చుకుంటున్నారా, పోలీసులకి పట్టిస్తున్నారా?" అన్నాడు. తేల్చుకుందామని ఆవిడ బెజవాడ బస్సెక్కింది.

పరిష్కారాల విభాగం డిప్యూటీ డైరెక్టరు పేరు చెరుకుమిల్లి భానుమూర్తి. సన్నగా, పొడుగ్గా, ఇస్త్రీ చేసిన కాగితంలా ఉంటాడు. ఆయనకి రెండు కళ్ళజోళ్ళు ఉన్నాయి, ఒకటి ఫైళ్ళు చదవడానికి, ఒకటి మనుషుల్ని చూడటానికి. సత్యవేణి లోపలికి వెళ్ళేసరికి ఫైళ్ళ జోడు పెట్టుకుని ఉన్నాడు. ఆవిడ కూర్చున్నాక కూడా దాన్ని మార్చలేదు.

"అర్జీదారు గంధం సత్యవేణి తమరేనా?"

"నేనేనండి. కానీ అది అర్జీ కాదండి బాబూ, కార్డు ముక్క. ఊరికే నా అభిప్రాయం రాశాను."

"అభిప్రాయానికీ అర్జీకీ గల వ్యత్యాసం పదకొండో తారీఖు నుంచి రద్దు చేయబడింది. సదరు ఉక్కుతూనీగ చీలిక లేని చొక్కాలోంచి రెక్కలు బయటికి తీయడం తమరు స్వయంగా చూశారా?"

"పుస్తకంలో చూశానండి. తొమ్మిదో పేజీ."

"సాక్షులున్నారా?"

"పుస్తకం కొన్నవాళ్ళందరూనండి."

భానుమూర్తి "సాక్షులు: సుమారు ఆరువేల మంది" అని రాసుకున్నాడు. తర్వాత గొంతు సవరించుకున్నాడు. "సదరు వ్యక్తికి సంజాయిషీ నోటీసు జారీ చేశాం. ఏడు రోజుల గడువు ఇచ్చాం. జవాబు రాలేదు. కనుక నియమావళి ప్రకారం ఈ రోజు నుంచి ఆయన్ని సస్పెండు చేస్తున్నాం."

సత్యవేణి నోరు వెళ్ళబెట్టింది. "ఆయన బొమ్మండి!"

"బొమ్మలకి క్రమశిక్షణ నియమావళి వర్తించదని ఎక్కడైనా రాసి ఉంటే చూపించండి."

ఆవిడ చూపించలేకపోయింది. "పోనీ, ఆయన లేకపోతే ఊళ్ళని ఎవరు కాపాడతారండి?"

"లోకరక్షణకు అంతరాయం కలగనివ్వం. ఇంకొకరికి అదనపు బాధ్యతలు అప్పగిస్తాం. ఆ పుస్తకాల సిబ్బంది జాబితాలో ఎగిరే అర్హత ఉన్నవారు ఇద్దరే ఉన్నారు. రెండో వ్యక్తికి అప్పగిస్తున్నాం."

"ఎవరండీ రెండో ఆయన?"

భానుమూర్తి కాగితం తిరగేసి చదివాడు. "శ్రీ డాక్టర్ బూడిద."

సత్యవేణి కుర్చీలోంచి లేచిపోయింది. డాక్టర్ బూడిద అంటే నలభై ఒక్క పుస్తకాల్లో నలభై ఒక్క ఊళ్ళు తగలబెట్టాలని చూసినవాడు. ఆ మాటే అంటే భానుమూర్తి ఫైలు చూసి, "ఆయన మీద ఈ ఆఫీసులో ఒక్క అర్జీ కూడా లేదు. మచ్చలేని రికార్డు" అన్నాడు. నిజమే. విలన్ గురించి ఎవరూ ఎప్పుడూ తప్పు పడుతూ ఉత్తరం రాయలేదు.

బయట వరండాలో బల్ల మీద ఒక అరవయ్యేళ్ళాయన కూర్చుని ఉన్నాడు. వేళ్ళ నిండా ఇంకు మరకలు. ఆవిడ చేతిలో ఉత్తరం చూసి లేచి నిలబడ్డాడు.

"చీలిక సత్యవేణిగారా?"

"అవునండి. మీరు?"

"దాసునమ్మా. తూనీగని గీసేది నేనే. గోనెసంచుల్లోంచి ఏరి మీ కార్డులన్నీ దాచుకున్నాను. ఈ మూడంతస్తుల్లో నా పుస్తకం ఎవరూ చదవరు. ఇంత పట్టి పట్టి చదివేది తణుకులో మీరొక్కరే అనుకునేవాణ్ణి."

పదకొండేళ్ళుగా చూడాలనుకున్న మనిషిని సత్యవేణి చూసింది, అదీ ఆయన హీరోని సస్పెండు చేయించి. రెండు చేతులూ జోడించి, "నా కార్డు వల్లే వచ్చిందండీ ఇదంతా" అంది.

"మీరేం తప్పు రాశారు? చీలిక లేదుగా."

"ఎందుకు పెట్టలేదండీ మరి?"

దాసు సిగ్గుపడ్డాడు. "మొదటి పుస్తకంలో తొందరలో మర్చిపోయానమ్మా. రెండో దాంట్లో పెడితే మొదటిది తప్పని ఒప్పుకున్నట్టు అవుతుందని పెట్టలేదు. ఇంక అలా వెళ్ళిపోయింది." తర్వాత మెల్లగా ఇంకో మాట చెప్పాడు. సస్పెన్షన్ తొంభై రోజులు దాటితే ఆ హీరో పోస్టే రద్దవుతుంది. పోస్టుతోపాటు దాసు కాంట్రాక్టు కూడా.

ఇంటికి రాగానే సత్యవేణి అభిప్రాయం వెనక్కి తీసుకుంటున్నానని రాసింది. అభిప్రాయాన్ని ఉపసంహరించుకోవడం కూడా ఒక అభిప్రాయమేనని, దాన్ని రెండో అర్జీగా నమోదు చేశామని జవాబు వచ్చింది. "ఉక్కుతూనీగ చాలా మంచివాడు" అని ఇంకో కార్డు రాసింది. "చాలా మంచివాడు అను ఆరోపణపై విచారణ చేపట్టడమైనది" అని మళ్ళీ జవాబు. ఇంక ఆవిడ పెన్ను ముట్టుకోవడానికి భయపడింది.

మిగతా పాఠకులకి ఇంకా సంగతి తెలియదు. పెద్దాపురం నుంచి ఒకాయన, మహాబల కవలల్లో ఎవరు పెద్దో ఎవరు చిన్నో పోలిక తెలియడం లేదని రాశాడు. ఒకే కుటుంబానికి చెందిన ఇద్దరు ఒకేచోట పనిచేయడం నిబంధనలకు విరుద్ధమని ఆఫీసుకి అప్పుడు తట్టింది. చిన్నవాణ్ణి చిత్తూరుకి బదిలీ చేశారు. తర్వాతి పుస్తకంలో పెద్దవాడు శ్రీకాకుళంలో కొండని ఒక చివర ఎత్తి పట్టుకుని, రెండో చివర ఎత్తేవాడు లేక ముప్ఫై రెండు పేజీలూ అలాగే నిలబడ్డాడు. నీటిగుర్రం ఈత కొట్టడానికి నీటిపారుదల, మత్స్య, ఓడరేవుల శాఖల నుంచి అభ్యంతరం లేదన్న కాగితాలు తేవాలన్నారు. అతను ఒడ్డున తువ్వాలు కట్టుకుని, ఒక్కో ఆఫీసుకీ తిరగడం మొదలుపెట్టాడు.

ఉక్కుతూనీగ నలభై రెండో పుస్తకం సరిగ్గా శుక్రవారం వచ్చింది. దాసుకి ఇచ్చిన ఆదేశాల ప్రకారం, సస్పెన్షన్‌లో ఉన్న వ్యక్తి అనుమతి లేకుండా ఊరు దాటకూడదు, తన విధులు నిర్వర్తించకూడదు. అందుకని మొదటి పేజీలో ఉక్కుతూనీగ రెక్కలు ఊడదీసి స్టోరులో అప్పగించి రసీదు తీసుకున్నాడు. రెండో పేజీ నుంచి ఆఖరి పేజీ దాకా ఆఫీసులో బల్ల మీద కూర్చున్నాడు. కిటికీలోంచి దూరంగా ఊరు తగలబడటం కనిపిస్తూనే ఉంది. పదహారో పేజీలో ఒకసారి లేచాడు. బంట్రోతు కూర్చోమన్నాడు. సత్యవేణి ఆ పేజీ దగ్గర పుస్తకం మూసేసి, మిషను మీద తల ఆనించేసింది. హుక్కులు కుట్టించుకుందామని వచ్చినావిడ, "ఎవరైనా పోయారా అమ్మా?" అని అడిగింది.

"లేదండి. కూర్చోబెట్టారు" అంది సత్యవేణి.

నలభై మూడో పుస్తకంలో డాక్టర్ బూడిద లోకరక్షణ అదనపు బాధ్యతలు స్వీకరించాడు. ఉదయం ఒక ఊరికి నిప్పు పెట్టాడు. మధ్యాహ్నం ఆర్పడానికి వెళ్ళాడు. ఆర్పేముందు, నిప్పు పెట్టినవారికి ఏమైనా అభ్యంతరం ఉందేమో తెలుసుకోవాలి కనుక తనకి తనే ఒక ఉత్తరం రాసుకున్నాడు. అభ్యంతరం ఉందని తనే జవాబు రాసుకున్నాడు. ఆ జవాబుని గౌరవించి వెనక్కి వచ్చేశాడు. పైవారికి పంపిన నివేదికలో "పరిస్థితి అదుపులో ఉంది, మంట సంతృప్తికరం" అని రాశాడు. దాసు కడుపుమంటంతా ఇందులో గీశాడని సత్యవేణికి అర్థమైంది. నవ్వు ఆగలేదు, ఏడుపూ ఆగలేదు. కార్డు రాద్దామని చెయ్యి లాగింది గానీ, రాస్తే ఇంకెవరి ఉద్యోగం పోతుందోనని ఊరుకుంది.

ఇంకో ఇరవై రోజుల్లో తొంభై నిండుతాయనగా పేపర్లో ఒక ప్రకటన పడింది. ఉక్కుతూనీగ కేసులో చీలిక ఆవశ్యకతను నిర్ధారించుటకు కుట్టుపనిలో సర్టిఫికెట్ గల సాంకేతిక నిపుణులు కావలెను. సత్యవేణి బీరువా అంతా వెతికి, ఎప్పుడో చేసిన ఆరునెలల టైలరింగు కోర్సు సర్టిఫికెట్ పైకి తీసి దరఖాస్తు పెట్టింది. రాష్ట్రం మొత్తం మీద వచ్చిన దరఖాస్తు అదొక్కటే. అందుకని పోటీలో మొదటి స్థానం ఆవిడకే వచ్చింది.

విచారణ రోజున దాసు భయపడుతూనే అడిగాడు. "అర్జీదారూ నిపుణురాలూ ఒకరే అయితే కుదురుతుందాండీ?"

"ఇద్దరి హోదాలూ వేరు" అన్నాడు భానుమూర్తి. "కనుకనే ఇద్దరికీ వేర్వేరు కుర్చీలు వేయించాం. ఎడమది అర్జీదారుది, కుడిది నిపుణురాలిది. అర్జీదారు ఆసీనులు కావచ్చు."

సత్యవేణి ఎడమ కుర్చీలో కూర్చుంది.

"తమరి ఆరోపణ?"

"చీలిక లేకుండా చొక్కాలోంచి రెక్కలు రావండి."

"దీనిపై నిపుణురాలి అభిప్రాయమేమిటి?"

సత్యవేణి లేచి వెళ్ళి కుడి కుర్చీలో కూర్చుంది. పదకొండేళ్ళుగా తను నమ్మిన మాట, ముప్ఫై ఏళ్ళుగా చేతులకి తెలిసిన మాట. దాన్ని కాదనడమంటే గుడ్డని అడ్డంగా కోసినట్టే ఉంది. దాసు తల వంచుకుని తన వేళ్ళకేసి చూసుకుంటున్నాడు.

"ఆవిడకి సరిగా తెలీదండి" అంది చివరికి. "చీలిక ఉంది. కనపడకుండా ఉంది."

"మరి అర్జీదారు పదకొండేళ్ళుగా లేదంటున్నారే?"

"జాకెట్లు కుట్టుకునే మనిషండి. హీరోల బట్టల గురించి ఆవిడకేం తెలుస్తుంది?"

భానుమూర్తి ఆవిణ్ణి మళ్ళీ ఎడమ కుర్చీకి రమ్మన్నాడు. "నిపుణురాలి వాదనతో అర్జీదారు ఏకీభవిస్తున్నారా?"

"ఆవిడ చాలా పెద్ద టైలరండి. ఆవిడ చెప్పాక నేనెంత?"

"కేవలం నోటిమాట చాలదు. రుజువు కావాలి."

సత్యవేణి కుడి కుర్చీ కింద నుంచి సంచీ తీసింది. అందులో మూడు రోజులు కూర్చుని, ఛాతీ ముప్ఫై ఆరు కొలతకి కుట్టిన ఆకుపచ్చ చొక్కా ఉంది. భుజాల నుంచి నడుము దాకా వీపు మీద రెండు చీలికలు, ఒక్కోదాని మీద పట్టీ, పట్టీ లోపల ప్రెస్ బటన్లు. మూసి ఉంటే చీలిక ఉన్నట్టే తెలియదు. దాసు సన్నటి వెదురుపుల్లలతో, మెరిసే కాగితంతో మడతపడే రెక్కలు చేసుకొచ్చాడు. వాటిని చొక్కా లోపల పట్టీలతో బిగించారు. పరీక్ష గెజిటెడ్ అధికారి మీదే జరగాలని నియమావళిలో ఉంది. భవనంలో ఛాతీ ముప్ఫై ఆరున్న గెజిటెడ్ అధికారి భానుమూర్తి ఒక్కడే.

ఆయన చాలాసేపు నియమావళి తిరగేశాడు. తప్పించుకునే దారి కనపడలేదు. పక్కగదిలోకి వెళ్ళి చొక్కా తొడుక్కుని వచ్చి, గోడ వైపు తిరిగి నిలబడ్డాడు.

"చేతులు పైకెత్తండి బాబూ. గట్టిగా."

ఎత్తాడు. టపటపమని బటన్లు ఊడాయి. రెండు చీలికల్లోంచీ రెండు రెక్కలు చెరో మూరెడు చొప్పున బయటికి దూకి విచ్చుకున్నాయి. టేబులు మీద ఫైళ్ళు గాలికి లేచి కింద పడ్డాయి. భానుమూర్తి వాటిని ఏరలేదు. జేబులోంచి మనుషుల జోడు తీసి పెట్టుకుని, కిటికీ అద్దంలోకి చూసుకున్నాడు. కాస్త పక్కకి తిరిగి చూసుకున్నాడు.

"వెనక నుంచి ఎలా ఉంది?" అన్నాడు.

"బ్రహ్మాండంగా ఉన్నారండి" అంది సత్యవేణి. ఆ మాట ఏ కుర్చీలోంచి అన్నారో ఆయన అడగలేదు.

ఉక్కుతూనీగని తిరిగి విధుల్లోకి తీసుకుంటూ ఉత్తర్వు మీద సంతకం ఆ రెక్కలతోనే పెట్టాడు. మధ్యాహ్నం భోజనం కూడా ఆ రెక్కలతోనే చేశాడని, సాయంత్రం గుమ్మంలో పట్టక బంట్రోతు ఒక్కొక్కటే మడవవలసి వచ్చిందని తర్వాత దాసు చెప్పాడు. ఉత్తర్వు చివర ఒక హెచ్చరిక మాత్రం ఉంది: "ఇకమీదట చీలిక కనపడునట్లు నడుచుకోవలెను."

నలభై నాలుగో పుస్తకం మూడో పేజీ నిండా ఉక్కుతూనీగ వీపే. రెండు చీలికలు, పట్టీలు, బటన్లు, కుట్టు కుట్టు లెక్కపెట్టుకోవచ్చు. సత్యవేణి ఆ పేజీని వేలితో తడిమింది. చెప్పాలనుకున్నది గుండెల దాకా వచ్చింది. రాయలేదు. అప్పటికి మిగతా పాఠకులకీ సంగతి తెలిసిపోయింది. మెచ్చుకున్నా తిట్టినా తమ హీరోకే చేటని పెద్దాపురం వాళ్ళూ మానేశారు, పొద్దుటూరు వాళ్ళూ మానేశారు. ఆ నెల సంస్థకి ఒక్క ఉత్తరం కూడా రాలేదు.

మేనేజింగ్ డైరెక్టరు ఆనందానికి హద్దుల్లేవు. దేశంలోనే మొట్టమొదటి అభిప్రాయరహిత రాష్ట్రం మనదేనని ప్రకటించి, బెజవాడలో పెద్ద సభ ఏర్పాటు చేశాడు. పాఠకులందర్నీ పిలిపించాడు. ఒకప్పుడు అత్యధికంగా అభిప్రాయాలు కలిగి ఉండి, ఇప్పుడు పూర్తిగా మానుకున్నందుకు గంధం సత్యవేణికి ఉత్తమ మౌన పాఠకురాలి పురస్కారం ఇస్తున్నామని వేదిక మీదకి రమ్మన్నారు. శాలువా కప్పారు. శాలువా అంచు సరిగా మడవలేదని ఆవిడ చూసింది గానీ ఏమీ అనలేదు.

మేనేజింగ్ డైరెక్టరు నవ్వుతూ మైకు చేతికిచ్చాడు. "మన పరిష్కారాల వ్యవస్థ గురించి రెండు మాటలు చెప్పండమ్మా."

సత్యవేణి సభకేసి చూసింది. ముందు వరసలో దాసు కూర్చున్నాడు. ఆయన పక్కన భానుమూర్తి. వెనకాల ఐదారొందల మంది పాఠకులు, చాలామంది చేతుల్లో నలభై నాలుగో పుస్తకం ఉంది. ఎవరి నోట్లోంచీ మాట లేదు.

"మీ వ్యవస్థ సంగతి నాకు తెలీదండి" అంది. "నలభై నాలుగో పుస్తకం సంగతి చెప్తాను. మూడో పేజీ చూశారా? పదకొండేళ్ళలో ఇలాంటి వీపు ఎవరూ గీయలేదు. దాసుగారూ, చేతులెత్తి దణ్ణం పెట్టాలండీ మీకు. కానీ ఇరవయ్యో పేజీలో ముసలావిడ ఇచ్చిన గొడుగు సగంలో వదిలేశారేంటి? వాన వస్తే ఆవిడ తడిసిపోదూ!"

వేదిక మీద కుర్చీలు కదిలాయి. సభలో ఒకాయన లేచి, "ఆ మంటలు ఆర్పే పేజీ ఇంకా పెద్దగా వేయాల్సిందండి!" అని అరిచాడు. ఆయన వెనక ఇంకొకామె లేచింది. "చిన్న కవలని చిత్తూరు నుంచి తెచ్చేయండి బాబూ, పెద్దాడు కొండ మోయలేకపోతున్నాడు!" అంది. ఇంక ఎవరూ ఆగలేదు. రెండు నెలలుగా గొంతుల్లో పెట్టుకున్నదంతా ఒక్కసారే బయటికి వచ్చింది. దాసు ముందు వరసలో లేచి నిలబడి, ఎటు తిరగాలో తెలీక అన్ని వైపులకీ తిరుగుతూ, "రాసుకుంటానండి, రాసుకుంటానండి" అంటూ చొక్కా చేతి మీద పెన్నుతో రాసుకుంటున్నాడు.

మేనేజింగ్ డైరెక్టరు ముఖం నల్లబడింది. "భానుమూర్తిగారూ! ఇవన్నీ నమోదు చేయండి! ఒక్కొక్కటీ!"

భానుమూర్తి లేచాడు. నియమావళి తెరిచాడు.

"నియమావళి రెండో నిబంధన ప్రకారం," అని నిదానంగా చదివాడు, "అభిప్రాయమనగా పాఠకుడు లిఖితపూర్వకంగా తెలియజేసినది. నోటితో అన్నది ఈ కార్యాలయం పరిగణనలోకి తీసుకోజాలదు." పుస్తకం మూసి కూర్చున్నాడు.

ఆ తర్వాత రెండు గంటలపాటు సభలో ఎవరేం మాట్లాడారో ఒక్కటి కూడా ఎక్కడా నమోదు కాలేదు. కవలలు అక్కడికక్కడే కలిశారు. నీటిగుర్రం కాగితాలు సముద్రంలో పారేయాలని తీర్మానమైంది. మేనేజింగ్ డైరెక్టరు మధ్యలోనే లేచి వెళ్ళిపోయాడు. దాసు రెండు చేతులూ నిండిపోయాక చొక్కా ముందు భాగం మీద కూడా రాసుకున్నాడు.

అంతా అయిపోయి సత్యవేణి మెట్లు దిగుతుంటే భానుమూర్తి వెనకాలే వచ్చాడు. ఇటూ అటూ చూశాడు.

"ఏమండీ, ఆ డాక్టర్ బూడిదకి మళ్ళీ ఎప్పుడైనా అదనపు బాధ్యతలు వస్తాయంటారా?"

"ఏం బాబూ, రావాలా?"

"నలభై మూడోది నాలుగుసార్లు చదివానండి. వాడు తనకి తనే ఉత్తరం రాసుకుంటాడు చూడండి, మళ్ళీ తనే జవాబు రాసుకుని..." ఇంక చెప్పలేక నవ్వాడు. నవ్వుతూనే ఉలిక్కిపడి, గొంతు బాగా తగ్గించాడు.

"ఇది అభిప్రాయం కాదండోయ్."